తెలుగు చలనచిత్రములలో కుటుంబన్యాయము

ఇటలీ దేశపు చలనచిత్రముల ప్రసక్తి వచ్చినపుడు మనలో చదువుకొన్నవారు ఒక మాట అనుచుందురు. బీదవాని సంసారమును, వాని కష్టమును తెరమీద చూపుట భారతీయులకు ఇటలీవారే నేర్పిరని ఆ మాట. వంగీయుల విషయమున ఇందు కొంత సత్యము కలదు. విట్టోరియో డి సికా 1948లో తీసిన ‘సైకిలు దొంగలు’ అను చిత్రమును సత్యజిత్ రాయ్ 1950లో లండను నగరమున చూచి తన మార్గమును నిశ్చయించుకొనెను. 1952లో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవములోను దానిని ప్రదర్శించిరి. కాని తెలుగువారి విషయమున కాలక్రమమే ఆ మాటకు ఒప్పుకొనదు. మన ‘మాలపిల్ల’ 1938 నాటిది. ‘వరవిక్రయము’, ‘రైతుబిడ్డ’ 1939 నాటివి. ముందు పుట్టినవి గనుక గొప్పవని నా వాదము కాదు. డి సికా చిత్రము ప్రక్కన వీనిని నిలిపి చూచినచో, కుటుంబమును గూర్చియు న్యాయమును గూర్చియు ఆ దేశమువారు అడిగిన ప్రశ్న వేరు, మనవారు అడిగిన ప్రశ్న వేరు అని తెలియును.

‘సైకిలు దొంగలు’ కథ చిన్నది. యుద్ధము ముగిసిన తరువాతి రోము నగరము. అంటోనియో అను నిరుద్యోగికి గోడలపై ప్రకటన కాగితములు అంటించు పని దొరకును. ఆ పనికి సైకిలు కావలెను. భార్య ఇంటిలోని దుప్పట్లను కుదువబెట్టి, అంతకుముందే తాకట్టులోనున్న సైకిలును విడిపించును. మొదటి దినముననే అది దొంగలపాలగును. రక్షకభటులు ఫిర్యాదు వ్రాసికొని ఊరకుందురు. చిన్న కుమారుని వెంటబెట్టుకొని ఊరెల్ల వెదకి విసిగి, తుదకు అంటోనియో తానే ఒక సైకిలును దొంగిలింపబోయి పట్టుబడును. పిల్లవాని మొగము చూచి సైకిలు యజమాని వానిని విడిచిపెట్టును. పిల్లవాడు తండ్రి చేయి పట్టుకొని నడచును. ఈ కథలో అన్యాయము వీధిలో నున్నది. దిక్కులేనివానికి మిగిలిన దిక్కు ఇల్లు.

మన చిత్రములలో అట్లు కాదు. అన్యాయము ఇంటిలోనే పుట్టును. ఇంటి పెద్దయే దానిని ధర్మమని సమర్థించును. ఇది తెరమీదికి నాటకరంగము నుండి వచ్చిన సొత్తు. మా చీడికాడకు అంత దూరము కాని సర్వసిద్ధి రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు ‘కన్యాశుల్కము’ పీఠికలో ఒక లెక్క నిచ్చిరి. విజయనగరము మహారాజావారు సేకరింపించిన పట్టికల ప్రకారము, ఆనాటి విశాఖపట్టణము జిల్లాలో, సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో, మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములు 1,034. అందు అయిదేండ్ల పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. (చీడికాడ 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిది, ఆ పట్టికలనాడు మాది విశాఖపట్టణము జిల్లాయే.) ఆ పిల్లలను అమ్మినవారు దొంగలు కారు, కన్నతండ్రులు. 1892లో విజయనగరమున ప్రదర్శితమైన ఆ నాటకము మొదలు మన సంస్కరణ సాహిత్యమంతయు ఈ చిక్కు చుట్టునే తిరిగినది.

గూడవల్లి రామబ్రహ్మముగారి ‘మాలపిల్ల’ ఈ చిక్కును విప్పిన తీరు చూడుడు. కథ చలముగారిది, మాటలు తాపీ ధర్మారావుగారివి. తిరువాన్కూరులో 1936లో దేవాలయములు అందరికి తెరువబడిన తరువాత రెండేండ్లకు ఈ చిత్రము వచ్చెను. దేవాలయపు ధర్మకర్తయైన సుందరరామశాస్త్రి కుమారుడు ఆనాడు హరిజనులనబడిన వారి పిల్లను ప్రేమించి, ఆమెతో కలకత్తాకు పోవును. శాస్త్రి మనస్సు ఎట్లు మారును? అగ్నిప్రమాదమున చిక్కిన ఆయన భార్యను ఒక హరిజనుడు కాపాడును. అంతట ఆయనకు కనువిప్పు కలుగును. ఆ కాలమున ఇట్టి కథను తీయుటయే సాహసము, సందేహము లేదు. కాని ఆ నిప్పు అంటుకొనకపోయినచో? దేవుని దర్శించు హక్కును మనుష్యుడు ప్రాణములకు తెగించి సంపాదించుకొనవలెనా? న్యాయము ఇక్కడ పెద్దవాని కృతజ్ఞతగా దొరికినది. నాకు ఈ ముగింపు తృప్తి నీయదు.

ఆయనయే తీసిన ‘రైతుబిడ్డ’ ఇల్లు దాటి, రైతునకును జమీందారునకును గల తగవులోనికి పోయినది. జమీందారులకు అది కంటగింపై, ప్రదర్శనమునకు నిషేధము వచ్చెను. ఈ చిత్రములను తీసిన సారథి సంస్థకు అండయైనవారు చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాదుగారు కావుట వింతలలో వింత.

నా దృష్టిలో అన్నిటికంటె లోతుగా పోయినది ‘వరవిక్రయము’. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకమును ఈస్టిండియా సంస్థవారు చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున తెరకెక్కించిరి. పెద్ద కుమార్తె కాళిందిగా నటించిన భానుమతిగారికి అది మొదటి చిత్రము. తండ్రి పురుషోత్తమరావు పింఛను పుచ్చుకొనుచున్న డిప్యూటీ కలెక్టరు; మంచివాడు, కట్నమన్న గిట్టనివాడు. అట్టివాడే లోకమునకు లొంగి 5,500 రూపాయల కట్నమునకు ఒప్పుకొనును. తనవలన తల్లిదండ్రుల ఆస్తి పోవుట ఓర్వలేక కాళింది ప్రాణములు తీసికొనును. పుచ్చుకొన్న సొమ్మును పిసినారి లింగరాజు తిరిగి ఈయడు. అప్పుడు చెల్లెలు కమల ఆ వరునినే పెండ్లాడును. ఆ తగవు న్యాయస్థానమునకు ఎక్కును. వరుని సొమ్మిచ్చి కొన్నది మేమైనపుడు ఎవరు ఎవరి ఇంటికి రావలెనని ఆ పిల్ల తర్కము. నవ్వు వచ్చు తర్కమే. కాని లోకము దానిని వ్యవహారములో ఒప్పుకొని, మాటలో మాత్రము ఒప్పుకొనకున్నది.

ఇక్కడ అగ్నిప్రమాదము లేదు, పెద్దవాని దయ లేదు. అన్యాయమునకు గురియైన ఇంటి పిల్లయే నోరు తెరచినది. అంటోనియోకు పట్టుకొన చేయి ఒకటి ఉన్నది, కాళిందికి లేదు. ఆమెను ప్రేమించినవారే ఆమెను అమ్మకపు పత్రముమీద కూర్చుండబెట్టిరి.

ఈ కథను మా పాఠశాలలో చెప్పినపుడు ఒక బాలిక, “అక్క చనిపోయాక కూడా ఆ ఇంటికే చెల్లెలిని ఎందుకిచ్చారండి, మాస్టారూ?” అని అడిగెను. కమల యుక్తి కొరకని చెప్పవచ్చును. అంతకంటె దగ్గరి సమాధానము, సొమ్ము అక్కడ చిక్కుకొన్నది గనుక అనునది. తరగతిలో ఎవరును నవ్వలేదు.

చిత్రము వచ్చిన పందొమ్మిదేండ్లకు, 1958లో, ఆంధ్రప్రదేశమున వరకట్న నిషేధ చట్టము చేసిరి. 1961లో దేశమంతటికి చేసిరి. మా ప్రాంతమున కట్నము మాట పోయి లాంఛనమను మాట వచ్చినది. పూర్వము అలకపాన్పుమీద అల్లుడు సైకిలు అడిగెడివాడు; ఇప్పుడు మోటారుసైకిలుతో ఆగువాడు మంచివాడు. 1961 నాటి చట్టము కట్నము పుచ్చుకొనుటనే కాక ఇచ్చుటను గూడ నేరముగ నెంచినది. ఆ లెక్కను లింగరాజు ప్రక్కన బోనులో పురుషోత్తమరావును నిలువవలసినవాడే. కన్నకూతురు అట్టి తండ్రిని ప్రశ్నించు దృశ్యమును తీసిన తెలుగు చిత్రమును నేనింకను చూడలేదు.