తలుపు మీది లోహము: కౌకూర్, బొల్లారం పరిసరాల గృహకథ

ఇంటిలోని తలుపులు, గూళ్లు, పెట్టెలు, బీరువాలు చూడగనే ఒకే కుటుంబమునకు చెందినవిగా తోచవలెనన్న కోరిక మనవారికి నిన్న మొన్న పుట్టినది గాదు. సికింద్రాబాదుకు ఉత్తరమున, బొల్లారం దండును ఆనుకొనియున్న కౌకూర్ వంటి ఊళ్లలో తాతముత్తాతల కాలపు ఇల్లు ఏది మిగిలియున్నను, దాని సింహద్వారపు గొళ్ళెమునకును, వంటింటి గూటి కొండికిని, ధాన్యపు అర్ర గడియకును నడుమ ఒక పోలిక కనబడును. ఆ పోలికను ఎవరును అంగడిలో ఎంచి తెచ్చుకొనలేదు. ఒక కమ్మరి కొలిమిలో, ఒక వడ్రంగి ఉలి క్రింద అది తనంత తాను ఏర్పడినది.

కమ్మరియు వడ్రంగియు ఊరికి ఉమ్మడి పనివారు. పంట కళ్ళమునకు వచ్చినపుడు రైతు కొలిచియిచ్చు ధాన్యమే వారికి ప్రతిఫలము. ఆ ఏర్పాటును తెలంగాణమున బలూతా యనిరి. నాగలి కర్రును సాగదీసిన చేతులే తలుపు పట్టాలను సాగదీసినవి గనుక, ఇనుము మందము, చీల తలల గుండ్రదనము, సుత్తిదెబ్బల జాడ ఇల్లంతటను ఒకటే. ఆనాటి తలుపులకు లోహపు మడతబందులే లేవు. తలుపుచెక్కకు పైనను క్రిందను ముక్కులవలె కొసలు విడిచి, వానిని పైకమ్మిలోను గడపలోను తొలిచిన గుంటలలో నిలిపెడివారు. తలుపు ఆ కొసలమీదనే తిరుగును, తిరిగినపుడెల్ల కిర్రుమనును, కిర్రుమన్నపుడు ఇల్లాలు రెండు చుక్కల ఆముదము విడుచును. తలుపు పైకొసకు దిగవేసిన ఇనుపగొలుసును ఎత్తి, పసిపిల్లలకు అందని ఎత్తున ద్వారబంధమునకు బిగించిన కొండికి తగిలించినచో ఇల్లు భద్రము. ఆ గొలుసునకు తుప్పు పట్టకుండ పూసినదియు ఆ ఆముదమే. నూనె త్రాగి త్రాగి నల్లబడిన ఆ ఇనుము, అదే నూనెతో నల్లబడిన టేకు పక్కన ఎంత చక్కగా ఒదిగినదో చూచినవారికే తెలియును.

ఇత్తడి కలిగినవారి ఇండ్లకు వచ్చినది. హైదరాబాదు నుండి ఓరుగల్లునకు పోవు మార్గమున, జనగామకు చేరువనున్న పెంబర్తిలో ఇత్తడి రేకుపనికి కాకతీయుల కాలమునుండియు ప్రసిద్ధి కలదు. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. దేవాలయ ద్వారములకు, వాహనములకు, ధ్వజస్తంభములకు తొడుగులు చేసిన ఆ కళాకారుల పనితీరు చూడదగినది: రేకును కాల్చి మెత్తబరచి, లక్క కలిపి పోసిన పీఠముపై పరచి, వెనుకనుండి మొద్దు ఉలులతో ఉబ్బెత్తు లేపి, మరల త్రిప్పి, ముందువైపు సన్నని ఉలులతో లత యొక్క ఈనెను, హంస యొక్క రెక్కను తీర్చుదురు. లక్క గట్టిగానుండి రేకును నిలుపును, మెత్తగానుండి దెబ్బకు లొంగును. ఈ రెండు గుణములు ఒక్క పదార్థమున లేనిచో ఆ కళయే లేదు. తయారైన తొడుగు గాలి సోకి మాసినపుడు చింతపండు పులుసుతో తోమిన చాలును: ఆ పులుపు పైపొరను కరగించును, క్రింది రాగి యశదముల మిశ్రమము మరల పసుపు కాంతిని చూపును. పండుగ పండుగకు తోమిన గుబ్బలపై లతల గీతలు అరిగి నునుపెక్కుట నాకు లోపముగా తోచదు. కుటుంబము ఆ వస్తువును వాడుకొన్నదనుటకు అదియే సాక్ష్యము.

బొల్లారమునకు దండు వచ్చిన తరువాత తలుపుల కథ మలుపు తిరిగినది. 1798 నాటి సంధి వలన నిజాము రాజ్యమున నిలిచిన ఆంగ్ల సైన్యము కొరకు ఏర్పడిన పాళెమునకు 1806లో నాటి నిజాము సికిందర్ జా పేరిట సికింద్రాబాదని పేరు పెట్టిరి. ఆ పరిసరముననే బొల్లారమున నిజాము కంటింజెంటు దళములు నిలిచినవి. 1860లో అచ్చట కట్టిన రెసిడెంటు భవనమే నేటి రాష్ట్రపతి నిలయము. ఊరినుండి ఊరికి బదిలీయగు దొరల వెంట వచ్చిన సొరుగుల పెట్టెలు మన వడ్రంగులకు క్రొత్త పాఠములైనవి. ఆ పెట్టె రెండు ఖండములుగా విడును. ఒక్కొక్క ఖండమును బండిపైనో ఒంటెపైనో వేయవచ్చును. మూలలకు ఇత్తడి పట్టీలు. సొరుగు పిడి మాత్రము పైకి పొడుచుకొని రాదు: చెక్కను తొలిచి, ఇత్తడి పలకను చెక్కతో సమముగా దిగవేసి, ఆ పలకలోని పల్లమునందే చిన్న వంకీని పడుకొనబెట్టిరి, వ్రేలితో లేపిన లేచును, విడిచిన ఒదిగి పడుకొనును, ప్రయాణములో దేనికిని తగులుకొని ఊడదు. అక్కరను ఇంత శ్రద్ధతో గమనించి పుట్టిన అలంకారమును నేను అరుదుగా చూచితిని. మరలు బిగించు మడతబందులు, లక్కను స్పిరిటులో కరగించి గుడ్డలో చుట్టిన దూదిముద్దతో పొరపై పొరగా రుద్దు పాలిషు గూడ ఈ కాలముననే దండుబజార్ల పనివారికి అలవడినవి. పెంబర్తిలో ఇత్తడి క్రింద నిలిచిన లక్కయే ఇచ్చట టేకు పైకి ఎక్కినది.

నగరమున ప్రభువుల వైభవము వేరు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వస్త్రముల కొరకు పురానీ హవేలీలో నిర్మించిన రెండంతస్తుల బీరువా ఆ భవనపు ఒక పార్శ్వమంతయు ఆక్రమించియున్నది. పై అంతస్తునకు చేరుటకు చేతితో త్రిప్పు చెక్కలిఫ్టు ఒకటి కలదు. అంత పొడవునను ఒకే కలప, ఒకే నమూనా. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనే యుండిన బీదరు నుండి వచ్చిన బిద్రీ పనియు ఆ నగర గృహములకు తెలిసినదే: యశదము అధికముగాను రాగి కొద్దిగాను గల లోహమున వెండిని పొదిగి, బీదరు కోటమట్టితో రుద్దినపుడు యశదము నల్లబడును, వెండికి మచ్చయైనను అంటదు.

ఇంటిలోని పోలిక చెదరినది ఇనుప బీరువాతో. బొంబాయిలో 1897లో తాళములతో ఆరంభించిన గోద్రెజ్ వారు 1923లో ఉక్కు బీరువాలకు పూనుకొనిరి. 1942లో సనత్‌నగరున నెలకొన్న హైదరాబాదు ఆల్విన్ ఇనుప సామానును తయారుచేసినది. దొంగకును చెదకును లొంగని ఆ బీరువా పెండ్లికూతురి వెంట ఇంటింటికి చేరినది. దాని మెరుగుపిడికిని, పక్కనున్న టేకు తలుపు గొలుసునకును చుట్టరికము లేదు. ఐనను భద్రత ముందు అందమును గూర్చి ఆలోచించిన వారు లేరు, వారిని నేను తప్పు పట్టను.

ఇప్పుడు కౌకూరులో ఇల్లు కట్టుకొనువారు రాణీగంజ్ దుకాణములకు పోయినచో అలీగఢ్, రాజ్‌కోట్ పిడులు గోడనిండ వ్రేలాడును: క్రోము, మాట్ బ్లాక్, రోజ్ గోల్డ్, పాత ఇత్తడిని పోలిన పూత. రంధ్రముల ఎడము 96, 128, 160 మిల్లీమీటర్లని చెప్పుదురు. ఇవన్నియు 32కు గుణిజములు, రెండవ ప్రపంచయుద్ధము తరువాత జర్మనీలో బీరువాల తయారీకి స్థిరపడిన కొలత. ఈ కొలత తెలిసినవాడు పదేండ్ల తరువాత క్రొత్త రంధ్రము తొలువకయే పిడిని మార్చుకొనగలడు. ఎంపిక ఇంత విస్తారమైనపుడు పూర్వము కమ్మరి చేతికుండిన భారము గృహస్థుని కంటిపై పడినది. గదికొక రంగు తెచ్చుకొన్న ఇండ్లలో ఆ భారము మోయబడలేదని నా నమ్మిక. పాత ఇంటి గొలుసు గాని కొండి గాని మిగిలినవారు మొదట దానిని ఎదుట పెట్టుకొని, దాని ఛాయకు పొసగు లోహమునే తక్కిన గదులకు వెదకుట మంచిది. వంటింటి ఆవిరికిని పులుసుచేతులకును 304 రకపు ఉక్కు తాళును, దేవుని అర్రకు పూత లేని ఇత్తడియే తగును, ఏలనగా పూత వేసిన ఇత్తడిని చింతపండుతో తోమవలసిన పని లేదు, తోమిన పూత నిలువదు.