కేంద్రసిర కాథెటర్ అమరిక: ఊహ నుంచి చూపు వరకు

ఇంటెన్సివ్ కేర్ వార్డులో రోగి మెడ దగ్గర అమర్చిన సన్నని గొట్టాన్ని మీరు చూసే ఉంటారు. దాన్ని కేంద్రసిర కాథెటర్ అంటారు. చేతి సిరలు తట్టుకోలేని గాఢమైన మందులను, పోషక ద్రావణాలను దీని ద్వారా ఎక్కిస్తారు. దీన్ని అమర్చేటప్పుడు వైద్యుని ముందు రెండు ప్రశ్నలుంటాయి. సూది సిరలోకే వెళ్లిందా? గొట్టం కొన సరైన చోట ఆగిందా? ఈ ప్రశ్నలకు వేర్వేరు కాలాల్లో దొరికిన జవాబులను ఈ భాగంలో పరిశీలిద్దాం.

5.1 తొలి ప్రయోగం

1929లో జర్మనీలోని ఎబెర్స్‌వాల్డ్ ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు పనిచేసేవాడు. అత్యవసర స్థితిలో ఛాతీలోంచి నేరుగా గుండెకు సూది గుచ్చడం కంటే, చేతి సిర గుండా గుండెకు మందు చేర్చడం మేలని అతని ఆలోచన. పై అధికారి అనుమతించలేదు. అయినా ఫోర్స్‌మన్ మూత్రనాళానికి వాడే కాథెటర్‌ను తన చేతి సిరలోకే 65 సెంటీమీటర్ల మేర ఎక్కించుకొని, ఎక్స్-రే గదికి నడిచి వెళ్లాడు. కొన కుడి కర్ణికలో ఉన్నట్లు చిత్రంలో కనిపించింది. 1956లో కూర్నాండ్, రిచర్డ్స్‌లతో కలిసి అతడు నోబెల్ బహుమతి పొందాడు. ఇక్కడ మీరు గమనించవలసిన అంశం ఒకటుంది: ఈ చరిత్ర మొదలైనది గొట్టం ఎక్కించడంతో మాత్రమే కాదు, అది ఎక్కడుందో చూసుకోవడంతో కూడా.

5.2 గుర్తుల ఆధారంగా గుచ్చడం

1952లో ఫ్రెంచి వైద్యుడు ఒబానియాక్ జత్రుక కింది సిరను గుచ్చే పద్ధతిని వివరించాడు. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్, సూది గుండా తీగను పంపి, సూదిని తీసివేసి, ఆ తీగ మీదుగా గొట్టాన్ని జార్చే ఉపాయాన్ని ప్రకటించాడు. ఆయన దాన్ని ధమనుల చిత్రీకరణ కోసం రూపొందించినా, అది తరువాత సిరలకూ వర్తించింది.

పని సులువైంది కాని, చూపు వెనుకబడింది. ఎముకలు, కండరాల గుర్తులను బట్టి వైద్యుడు సిర ఎక్కడుంటుందో ఊహించేవాడు. సిర స్థానం అందరిలో ఒకేలా ఉండదు. మెడలో సిర పక్కనే ధమని ఉంటుంది. జత్రుక వెనుక ఊపిరితిత్తి అంచు ఉంటుంది. గురి తప్పితే రక్తస్రావం కావచ్చు, లేదా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు. ఎక్స్-రే తీసినా, అది పని పూర్తయ్యాకే.

5.3 అల్ట్రాసౌండ్: మొదటి ప్రశ్నకు జవాబు

1984లో డాప్లర్ ధ్వనితో మెడ సిరను గుర్తించే పద్ధతిని, 1986లో తెరపై సిరను చూస్తూనే సూది గుచ్చే పద్ధతిని పరిశోధకులు ప్రచురించారు. ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే సిర సులభంగా అణగిపోతుంది. ధమని అంత తేలిగ్గా అణగదు, కొట్టుకుంటూ కనిపిస్తుంది. 2002లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ, ముందుగా నిర్ణయించుకొని మెడ సిరలో కాథెటర్ అమర్చే సందర్భాల్లో ఈ పద్ధతికే ప్రాధాన్యమివ్వాలని సూచించింది.

5.4 ఇ.సి.జి.: రెండవ ప్రశ్నకు జవాబు

కాథెటర్‌లో నింపిన ఉప్పునీరు విద్యుత్ సంకేతాలను మోస్తుంది. 1949లోనే హెల్లర్‌స్టీన్ బృందం ఈ విధంగా గుండె లోపలి సంకేతాలను నమోదు చేసింది. కొన కర్ణికకు దగ్గరవుతున్నకొద్దీ ఇ.సి.జి.లో పి తరంగం ఎత్తు పెరుగుతుంది. ఊర్ధ్వ మహాసిర కర్ణికను కలిసే చోట అది గరిష్ఠానికి చేరుతుంది. కర్ణికలోకి దాటితే తరంగం మొదట్లో కిందివైపు వంపు కనిపిస్తుంది. అప్పుడు గొట్టాన్ని కొద్దిగా వెనక్కి లాగుతారు. కొన మరీ లోతుకు పోతే గుండె లయ తప్పవచ్చు. అరుదుగా పలుచని గోడకు రంధ్రం పడి ప్రాణం మీదికి రావచ్చు.

ఈ పద్ధతికీ పరిమితి ఉంది. కర్ణికలు క్రమం తప్పి కంపించే రోగుల్లో స్పష్టమైన పి తరంగం ఉండదు. ఊపిరితిత్తికి గాయమైతే ఇ.సి.జి. దాన్ని చూపలేదు.

5.5 సారాంశం

కొత్త పద్ధతి పాతదాన్ని పూర్తిగా తొలగించలేదు. సూదికి అల్ట్రాసౌండ్, కొనకు ఇ.సి.జి., సందేహానికి ఎక్స్-రే అన్నట్లు ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబిస్తుంది. ఏ పరికరం ఏ ప్రశ్నకు జవాబివ్వలేదో తెలిసి ఉండటమే రోగికి రక్షణ.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. సెల్డింగర్ పద్ధతి వల్ల సులువైనదేమిటి? పరిష్కారం కాకుండా మిగిలినదేమిటి?
2. పి తరంగం మార్పులను బట్టి కాథెటర్ కొన స్థానాన్ని ఎలా గుర్తిస్తారు?