కర్త, కర్మ, క్రియ

కర్త, కర్మ, క్రియ అనేవి తెలుగు వాక్యంలోని ముఖ్య భాగాలు. పనిని తెలిపే పదం క్రియ. ఆ పనిని చేసేవారు లేదా చేసేది కర్త. పని ఫలితం ఎవరిమీద లేదా దేనిమీద పడుతుందో అది కర్మ. "సీత పండు తిన్నది" అనే వాక్యంలో సీత కర్త, పండు కర్మ, తిన్నది క్రియ. ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు నేర్పే తొలి వ్యాకరణాంశాలలో ఇది ఒకటి.

వ్యాకరణ గ్రంథాలలో

పరవస్తు చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణం (1858)లో పది పరిచ్ఛేదాలు ఉన్నాయి. వాటిలో వాక్యానికంటూ ప్రత్యేక పరిచ్ఛేదం లేదు. కర్త, కర్మ మొదలైన వాటికి ఏ విభక్తులు వస్తాయో కారక పరిచ్ఛేదం తెలుపుతుంది. పేరులో "బాల" అని ఉన్నప్పటికీ ఇది చిన్నపిల్లల వాచకం కాదు. ఆధునిక తెలుగు వాక్య నిర్మాణాన్ని చర్చించిన గ్రంథాలలో చేకూరి రామారావు రచన "తెలుగు వాక్యం" (1975) ముఖ్యమైనది.

పదక్రమం, విభక్తి

తెలుగులో సాధారణంగా మొదట కర్త, తరువాత కర్మ, చివర క్రియ వస్తాయి. అయితే ఈ క్రమం మారవచ్చు. ఈ మూడు వాక్యాలు చూడండి:

* పిల్లి ఎలుకను పట్టింది.
* ఎలుకను పిల్లి పట్టింది.
* పిల్లిని ఎలుక పట్టింది.

మొదటి రెండు వాక్యాల అర్థం ఒక్కటే. మూడవది "పిల్లి" అనే పదంతోనే మొదలైనా అందులో పట్టినది ఎలుక. మూడింటిలోనూ క్రియ ఒకే రూపంలో ఉంది. కాబట్టి కర్మను గుర్తు పట్టించేది ని, ను అనే ద్వితీయా విభక్తి ప్రత్యయాలే. ఆంగ్లంలో కర్తను ప్రధానంగా పదం ఉన్న స్థానమే సూచిస్తుంది. అదే పద్ధతిలో "మొదటి పదం కర్త" అని తెలుగులో నేర్పితే, పిల్లలు రెండవ వాక్యం దగ్గరే పొరబడతారు.

ప్రాణం లేని వస్తువులు కర్మ అయినప్పుడు ఈ ప్రత్యయం తరచుగా లోపిస్తుంది. "సీత పండు తిన్నది" అన్నప్పుడు అర్థాన్ని బట్టి కర్మను గుర్తించాలి.

బోధించే క్రమం

వాక్యానికి ఆధారం క్రియ కనుక దానితో మొదలుపెట్టడం సులభం.

1. ఏ పని జరిగిందో అడిగి క్రియను గుర్తింపజేయాలి.
2. ఆ క్రియతోనే "ఎవరు తిన్నారు?" అని అడిగితే కర్త దొరుకుతుంది.
3. "ఏమి తిన్నది?", "ఎవరిని పిలిచింది?" వంటి ప్రశ్నలతో కర్మను రాబట్టాలి.
4. పదాలను వేరువేరు చీటీలపై రాసి, వాటి క్రమం మార్పించి చదివించాలి. తరువాత "ను" చీటీని ఒక పదం నుండి మరొక పదానికి మార్చి, అర్థం ఎలా మారిందో పిల్లలచేతనే చెప్పించాలి.

"ఏమి" అనే ప్రశ్న ఒక్కటే చాలదు. "ఏమి పడింది?" అంటే వచ్చే జవాబు కర్త, "ఏమి తిన్నది?" అంటే వచ్చే జవాబు కర్మ. అందుచేత ప్రశ్నను క్రియతో కలిపే అడగాలి.

పిల్లలు తడబడే సందర్భాలు

* కర్మ లేని వాక్యాలు: "పాప నవ్వింది." నవ్వు అకర్మక క్రియ. ప్రతి వాక్యంలోనూ కర్మను వెతకనక్కరలేదు.
* కర్త కనిపించని వాక్యాలు: "నిన్న వచ్చాను." క్రియ చివరనున్న "ను" వల్ల కర్త "నేను" అని తెలుస్తుంది. ఇది కర్మకు చేరే "ను" కాదు.
* క్రియ లేని వాక్యాలు: "ఇది మా బడి." ఇది పూర్తి వాక్యమే. ఇటువంటి వాటిని క్రియారహిత వాక్యాలు అంటారు.
* "కు" చేరిన పదంతో మొదలయ్యే వాక్యాలు: "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు." ఇక్కడ "ఉన్నారు" అనే రూపం "అన్నలు" అనే పదాన్ని అనుసరించి వచ్చింది, "నాకు" అనే పదాన్ని అనుసరించి కాదు.

ఈ నాలుగు రకాలూ పిల్లలు రోజూ మాట్లాడే వాక్యాలే. వీటిని తప్పు వాక్యాలుగా భావించకుండా ఉండాలంటే, మూడు భాగాలూ ఉన్న వాక్యాలు బాగా అలవాటయిన తరువాత వీటిని విడిగా పరిచయం చేయాలి.