గారపళ్ల సీమలో నిపుణ దంతవైద్య విద్య: గుంటూరు–ప్రకాశం మైదానం (1937–2023)

వ్యాససంగ్రహం

తాగునీటిలోని ఫ్లోరైడు వల్ల దంతాలు, ఎముకలు చెడిపోయే వ్యాధి భారతదేశ వైద్య సాహిత్యంలోకి ప్రధానంగా 1937 నాటి నెల్లూరు జిల్లా నివేదికతో ప్రవేశించింది. అప్పటి నెల్లూరు జిల్లాలోని మెట్ట తాలూకాలలో కొన్ని 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి. ఈ మైదానంలో దంతవైద్య స్నాతకోత్తర విద్య ఆరు దశాబ్దాలకు పైగా గడిచాక గానీ వేళ్లూనుకోలేదు. ఆ ఆలస్యానికి కారణాలను, బి.డి.ఎస్. పట్టభద్రుల ముందున్న నిపుణ విద్యా మార్గాలను, ఆ మార్గాలకూ ప్రాంతీయ వ్యాధులకూ మధ్య మిగిలిన ఎడాన్ని ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫ్లోరోసిస్, ఎం.డి.ఎస్., ప్రజారోగ్య దంతవైద్యం, గుంటూరు, ప్రకాశం, నీట్.

1. ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం జిల్లాల ఆర్థిక చరిత్రలో పత్తి, మిరప, పొగాకు పంటలకు తగినంత చోటు దక్కింది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదలడం, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడటం, 1980లలో తెల్లదోమ పత్తిరైతును కుంగదీయడం ఆ చరిత్రలో ప్రధాన ఘట్టాలు. పంట పండించిన మనిషి దేహానికి, ముఖ్యంగా అతని నోటికి, ఏమైందన్న ప్రశ్నకు అందులో అంత చోటు లేదు. ఆ ప్రశ్నను వేయగల వృత్తి దంతవైద్యం. అందులో నిపుణులను తయారుచేసే చదువు ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి అందిందో తెలుసుకోవడం విద్యాచరిత్రతో పాటు ఈ ప్రాంత సామాజిక చరిత్రకూ అవసరం.

2. 1937: రోగం ఇక్కడ, పరిశోధన మద్రాసులో

1937లో ఇండియన్ మెడికల్ గెజిట్ పత్రికలో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నెల్లూరు జిల్లాలోని స్థానిక ఫ్లోరోసిస్ గురించి ఒక నివేదిక ప్రచురించారు. నాటి నెల్లూరు జిల్లాలో దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు ప్రాంతాలు ఉండేవి. ఒంగోలు మాత్రం 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడే అందులో కలిసింది. 1970 ఫిబ్రవరిలో ఈ ప్రాంతాలతో పాటు కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు కలిసి ఒంగోలు జిల్లా అయ్యాయి. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది.

పన్ను చిగురు లోపల రూపుదిద్దుకునే బాల్యంలో నీటి ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా చేరితే పింగాణీ పొర సరిగా గట్టిపడదు. మొదట సున్నపు మచ్చలు కనబడతాయి, తరువాత అవి గోధుమ రంగుకు తిరుగుతాయి. జనం వీటినే గారపళ్లు అన్నారు. తోమితే పోయే గార కాదిది. ఏళ్ల తరబడి అదే నీరు తాగితే వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. వంగి కలుపు తీయవలసిన కూలికి, నాగలి పట్టవలసిన రైతుకు అది బతుకుతెరువు సమస్య. పెళ్లి సంబంధాల వేళ పలువరుస మచ్చలు అవమానంగా మారడం మరొక సమస్య.

అంతర్జాతీయ నేపథ్యంలో చూస్తే ఈ నివేదిక వెనుకబడినదేమీ కాదు. అమెరికాలోని కొలరాడో ప్రాంతపు మచ్చల పళ్లకు నీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో తేలింది. ఆరేళ్లు తిరగకముందే నెల్లూరు నివేదిక వెలువడింది. అయితే అక్కడ ఆ పరిశోధనను దశాబ్దాల పాటు నడిపినవారు దంతవైద్యులు. ఫ్రెడరిక్ మెకే సాధారణ దంతవైద్యుడు. ట్రెండ్లీ డీన్ మచ్చల తీవ్రతను కొలిచే సూచికను రూపొందించి, 1948లో ఏర్పడిన జాతీయ దంత పరిశోధనా సంస్థకు తొలి సంచాలకుడయ్యాడు. నెల్లూరు నివేదిక రాసిన ముగ్గురిలో దంతవైద్యుడు ఒక్కడూ లేడు. మద్రాసు రాష్ట్రంలో నాటికి దంతవైద్య కళాశాలే లేదు. రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో స్థాపించిన కళాశాల, 1933లో బొంబాయిలో ఆరంభమైన నాయర్ ఆసుపత్రి కళాశాల వంటి దూర కేంద్రాలే దిక్కు. కనుక పరిశోధనను కొనసాగించే స్థానిక దంతవైద్య వర్గం ఏర్పడే అవకాశం మొదటి నుంచీ లేకపోయింది.

3. 1946–1986: వైద్యం దగ్గరైంది, దంతవైద్యం కాలేదు

1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడింది. అదే ఏడాది గుంటూరు వైద్య కళాశాల ప్రారంభమైంది. దంతవైద్యుల చట్టం 1948లో, భారత దంతవైద్య మండలి 1949లో ఏర్పడ్డాయి. 1953లో మద్రాసు వైద్య కళాశాలలో దంతవైద్య విభాగం మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రరాష్ట్రం విడిపోవడంతో ఆ విభాగం పొరుగు రాష్ట్రానిదయింది. 1959లో హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల వచ్చింది. గుంటూరు విద్యార్థికి ఎం.బి.బి.ఎస్. సొంత ఊళ్లో దొరికినా, బి.డి.ఎస్. కోసం రాజధానికి పోవలసిందే. నిపుణ పట్టా అంతకన్నా దూరం.

ఈ కాలంలోనే ఆంధ్రుల నోటి వ్యాధులపై ముఖ్యమైన పరిశోధనలు జరిగాయి. ఉత్తర కోస్తాలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు అంగిలి క్యాన్సరుకు దారితీస్తున్నదని విశాఖ వైద్యులు 1950లలో గుర్తించారు. డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా సంస్థకు చెందిన ఫాలీ మెహతా బృందంతో కలిసి 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించాడు. ఊరూరా తిరిగి నోళ్లు తెరిపించి చూసే నిపుణుడు ఏమి సాధించగలడో చెప్పడానికి ఇది చాలు.

మిరప మైదానానికి నేరుగా సంబంధించిన పరిశోధన కూడా బొంబాయిలోనే జరిగింది. నోరు క్రమంగా తెరుచుకోకుండా పోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ వ్యాధికి మిరపలోని ఘాటు పదార్థం కారణమా అన్న అనుమానంతో శిర్సాట్, ఖానోల్కర్ 1960లో ఎలుకల అంగిలిపై ప్రయోగాలు ప్రచురించారు. తరువాతి క్షేత్ర పరిశోధనలు ప్రధాన దోషిగా వక్కను నిలబెట్టాయి. మిరప వాదం వెనక్కి తగ్గింది. అంతటా మిరప పండి, ఇంటింటా మిరప తినే గుంటూరు సీమ ఆ వాదాన్ని పరీక్షించడానికి తగిన నేల. అక్కడ ఆ పని చేపట్టగల దంతవైద్య పరిశోధనా కేంద్రం మాత్రం నాటికి లేదు.

ప్రవేశాల విషయంలో 1974 రాష్ట్రపతి ఉత్తర్వు కొత్త సరిహద్దులు గీసింది. నూటికి 85 సీట్లు స్థానికులకు కేటాయించే ఈ పద్ధతిలో గుంటూరు, ప్రకాశం ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి, నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వెళ్లాయి. ఒకే ఫ్లోరైడు నీరు తాగిన కనిగిరి, ఉదయగిరి పిల్లలు వేర్వేరు వరుసలలో నిలబడవలసి వచ్చింది.

4. 1986–2014: ప్రైవేటు విస్తరణ

1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడి, తరువాత ఎన్.టి.ఆర్. పేరుతో ప్రసిద్ధమైంది. దంతవైద్య కోర్సుల ప్రవేశాలు, పరీక్షలు ఒకే గొడుగు కిందకు వచ్చాయి. క్యాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ రాష్ట్రం 1983లోనే చట్టం చేసింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసు తీర్పు ప్రైవేటు వృత్తివిద్యా సీట్లను ఉచిత, చెల్లింపు సీట్లుగా విభజించింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ పథకాన్ని పక్కనబెట్టి, యాజమాన్యాలకు ఎక్కువ స్వేచ్ఛనిచ్చింది. కొత్త కళాశాలకు కేంద్ర అనుమతి తప్పనిసరి చేసిన దంతవైద్యుల చట్ట సవరణ కూడా 1993 నాటిదే.

ఈ చట్రంలోనే 21వ శతాబ్ది తొలి సంవత్సరాలలో గుంటూరు శివారు తక్కెళ్లపాడులో సిబార్ దంతవైద్య సంస్థ, కృష్ణకు ఆవల చినఅవుటపల్లిలో సిద్ధార్థ దంతవైద్య సంస్థ వెలిశాయి. గుంటూరు దగ్గరి పొత్తూరులో కేర్ దంతవైద్య కళాశాల వచ్చింది. కోస్తా వ్యవసాయ మిగులు పట్టణ వ్యాపారాలలోకి ప్రవహించిన తీరును కరోల్ ఉపాధ్య 1988లోనే వివరించారు. ఆ మిగులుకు వృత్తివిద్యా సంస్థలు సహజమైన గమ్యమయ్యాయి. పత్తి, పొగాకు సొమ్ముతో పిల్లలను చదివించుకున్న కుటుంబాలే వాటి తొలి వినియోగదారులు కూడా.

ప్రభుత్వ రంగం ఈ వేగాన్ని అందుకోలేదు. 2014 విభజనతో హైదరాబాదు కళాశాల తెలంగాణకు పోగా, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడ, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలలే మిగిలాయి. పునర్విభజన చట్టం ఉమ్మడి ప్రవేశ విధానాన్ని పదేళ్లపాటు, అంటే 2024 జూన్ వరకు, కొనసాగించింది. ఆ గడువు తీరడంతో హైదరాబాదు దారి ఇరుకైంది.

5. తొమ్మిది శాఖలు, ఒక ర్యాంకు

నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగించిన బి.డి.ఎస్. పట్టభద్రునికి ప్రధాన మార్గం మూడేళ్ల ఎం.డి.ఎస్. దంతవైద్య మండలి 2017 నిబంధనల ప్రకారం ఇందులో తొమ్మిది శాఖలున్నాయి: కట్టుడు పళ్ల ప్రోస్థోడాంటిక్స్, చిగుళ్ల పీరియడాంటాలజీ, నోటి–దవడల శస్త్రచికిత్స, రూట్ కెనాల్ వంటి చికిత్సల ఎండోడాంటిక్స్, పలువరుస సరిచేసే ఆర్థోడాంటిక్స్, ఓరల్ పెథాలజీ, ప్రజారోగ్య దంతవైద్యం, పిల్లల దంతవైద్యం, ఓరల్ మెడిసిన్–రేడియాలజీ. రెండేళ్ల స్నాతకోత్తర డిప్లొమాకు కూడా నిబంధనలలో చోటుంది. తొలి ఏడాది చివర మూలశాస్త్రాల పరీక్ష, మూడో ఏడాది చివర తుది పరీక్ష ఉంటాయి. ప్రతి అభ్యర్థీ సిద్ధాంతగ్రంథం సమర్పించాలి.

ప్రవేశ పరీక్ష ఒకప్పుడు రాష్ట్రానికొకటిగా ఉండేది. 2012 చివర జాతీయ స్థాయి నీట్ మొదలైనా, 2013 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును వెనక్కి తీసుకోవడం, అదే ఏడాది దంతవైద్యుల చట్టాన్ని సవరించడంతో నీట్–ఎం.డి.ఎస్. స్థిరపడింది. ప్రభుత్వ కళాశాలల సీట్లలో సగం అఖిల భారత కోటాకు పోతాయి. తక్కిన సగం రాష్ట్రానివి. ప్రైవేటు సీట్లు కన్వీనర్, యాజమాన్య కోటాలుగా నిండుతాయి. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పి.జి.ఐ. వంటి జాతీయ సంస్థలకు ప్రత్యేక పరీక్ష ఉంది.

ఒకే పరీక్ష రావడంతో ప్రతిభకు న్యాయం పెరిగిందన్న వాదనలో నిజముంది. అయితే ర్యాంకు సీటును నిర్ణయిస్తే, శాఖను నిర్ణయించేది చాలావరకు బజారు. ఆర్థోడాంటిక్స్, ఎండోడాంటిక్స్, శస్త్రచికిత్స ముందుగా నిండుతాయి. ప్రజారోగ్యం, పెథాలజీ, ఓరల్ మెడిసిన్ కౌన్సెలింగు చివరి విడతల దాకా మిగులుతాయి. ఖాళీలు నింపడానికి ఇటీవల పలుమార్లు కేంద్రం అర్హత పర్సెంటైల్‌ను తగ్గించవలసి వచ్చింది. అప్పు చేసి యాజమాన్య కోటా రుసుము కట్టిన కుటుంబం ఆ సొమ్ము తిరిగి రాబట్టగల శాఖనే కోరుకోవడంలో తప్పు పట్టవలసిందేమీ లేదు. తప్పు వ్యక్తి ఎంపికలో కాక, ఆ ఎంపికను అనివార్యం చేసిన అమరికలో ఉంది.

6. విదేశీ మార్గం

రెండో ముఖ్య మార్గం వలస. అమెరికాలో భారతీయ బి.డి.ఎస్.తో నేరుగా వృత్తి చేయడం కుదరదు. జాతీయ బోర్డు పరీక్ష నెగ్గి, రెండు మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సులో మళ్లీ చదవాలి. ఇక్కడి ఎం.డి.ఎస్. పట్టాతోనూ అక్కడ నిపుణ హోదా దానంతట రాదు. బ్రిటన్, ఆస్ట్రేలియాలకూ వేర్వేరు అర్హత పరీక్షలున్నాయి. సీటుకు సిద్ధమయ్యే వ్యవధిలో చాలామంది అమెరికాలో ప్రజారోగ్య మాస్టర్స్ చేరతారు. సొంత జిల్లాలో ఆఖరి ఎంపికగా మిగిలిన ప్రజారోగ్య విద్య విదేశంలో తొలి మెట్టు కావడం గమనించదగింది. అక్కడ ఆ చదువు మరో ద్వారం తెరుస్తుంది. ఇక్కడ దాని వెనుక కొలువు లేదు.

7. చదువుకూ కొలువుకూ మధ్య

ప్రభుత్వ పథకాలు లేకపోలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో ఫ్లోరైడు ప్రాంతాలలో మోకాళ్లు లోపలికి వంగిపోయే రుగ్మతను వర్ణించారు. 2008–09లో కేంద్రం ప్రారంభించిన ఫ్లోరోసిస్ నియంత్రణ కార్యక్రమపు తొలి జిల్లాలలో నెల్లూరు ఒకటి. 2014–15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. పశ్చిమ ప్రకాశానికి కృష్ణా జలాలు తేవలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. గారపళ్లకు అసలు మందు మంచినీరే. అయితే నీరు మారిన తరువాత కొత్త తరంలో మచ్చలు తగ్గాయా లేదా అని బడిపిల్లలను ఏటేటా పరీక్షించి చెప్పవలసింది ప్రజారోగ్య దంతవైద్యుడు. ఆ శాఖలో పట్టా పొందినవారికి కళాశాల అధ్యాపక పదవే ప్రధానమైన ఆధారం. జిల్లా స్థాయిలో వారికోసం నిలకడైన కొలువుల శ్రేణి ఏర్పడలేదు. కొలువు లేని శాఖకు మంచి ర్యాంకు రాదు. మంచి ర్యాంకు రాని శాఖకు కొలువు కోసం గట్టిగా అడిగే గొంతు ఉండదు.

8. ముగింపు

దంతవైద్యుల చట్టం స్థానంలో 2023 ఆగస్టులో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టం వచ్చింది. బి.డి.ఎస్. చివర ఒకే నిష్క్రమణ పరీక్ష పెట్టి, దాన్నే స్నాతకోత్తర ప్రవేశానికి ఆధారం చేయాలన్నది అందులోని ముఖ్యాంశం. ప్రవేశ పరీక్ష మారినంత మాత్రాన శాఖల అంతస్తు మారదని గత అనుభవం చెబుతున్నది.

1937లో ఈ నేల వ్యాధిని ఇచ్చింది, పరిశోధన బయటి నుంచి వచ్చింది. నేడు పరిశోధన చేయగల సంస్థలు ఈ నేల మీదనే ఉన్నాయి. ఎం.డి.ఎస్. నిబంధన కోరే సిద్ధాంతగ్రంథాలలో కొన్నయినా దర్శి, పొదిలి, కనిగిరి బడులలో, గుంటూరు మిరప యార్డు కూలీల మధ్య, పొగాకు గ్రేడింగ్ స్త్రీల మధ్య రూపుదిద్దుకుంటే, ఎనభై ఏళ్లకు పైగా తెగిపోయిన దారం తిరిగి ముడిపడుతుంది. జిల్లాకొక ప్రజారోగ్య దంతవైద్య పదవిని ప్రభుత్వం కల్పిస్తే, ఆ శాఖను ఎంచుకోవడం త్యాగంగా కాక వృత్తిగా నిలుస్తుంది. స్నాతకోత్తర సీట్ల సంఖ్య పెరగడం ఈ చరిత్రలో సగభాగం మాత్రమే. ఆ సీట్లలో చదివినవారు ఏ నోళ్లను తెరిచి చూశారన్నది మిగిలిన సగం.