అరికాళ్ల మంటకు అరువు మందులు

చరకసంహిత నిదానస్థానంలో ప్రమేహానికి పూర్వరూపాలను, అంటే వ్యాధి పూర్తిగా బయటపడక ముందే కనిపించే గుర్తులను చెప్పే చోట, నోటిలో తీపి, వెంట్రుకలు జడలు కట్టడం, మూత్రానికి చీమలు చేరడం వంటి వాటి సరసనే అరచేతులూ అరికాళ్లూ మండడం, మొద్దుబారడం కూడా పేర్కొన్నారు. ఈ జాబితాను కూర్చిన వైద్యులకు నరాల నిర్మాణం గురించి నేటి జ్ఞానం లేదు. అయినా మూత్రంలోని తీపినీ కాళ్ల మంటనూ వారు ఒకే వ్యాధి గుర్తులుగా పట్టుకున్నారు. ఆ రెండింటిలో ఏది కారణమో ఏది ఫలితమో తేల్చుకోవడానికి ఐరోపా వైద్యానికి పంతొమ్మిదో శతాబ్దంలో సగానికి పైగా గడిచిపోయింది.

బ్రిటిష్ సైనిక వైద్యుడు జాన్ రోలో 1790ల చివర వెలువరించిన మధుమేహ గ్రంథంలో రోగుల కాళ్ల నొప్పుల ప్రస్తావన ఉంది. 1849లో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్, మెదడు అడుగుభాగంలో ఒకానొక చోట సూదితో పొడిస్తే జంతువు మూత్రంలో చక్కెర కనిపిస్తుందని నిరూపించడంతో, నరాలు చెడడం వల్లనే మధుమేహం వస్తుందన్న అభిప్రాయం బలపడింది. ప్రయోగం నిజమే గాని, దాని ఆధారంగా రోగుల విషయంలో చేసిన ఊహ తలకిందులైనది. 1864లో ఫ్రెంచి వైద్యుడు మార్షల్ ద కాల్వీ ఈ వరసను తిరగేసి, మధుమేహమే నరాలను చెడగొడుతున్నదని వాదించాడు. 1885లో లండన్ వైద్యుడు ఫ్రెడరిక్ పేవీ రోగులు చెప్పిన మాటలను ఓపికగా విని, కాళ్ల బరువు, పాదాల మొద్దుతనం, ఎముక లోతులో పోటు, రాత్రివేళ పెరిగే బాధ మొదలైనవాటిని ఎంత వివరంగా వర్ణించాడంటే, నేటి వైద్యుడు తన ఎదుట కూర్చున్న రోగిని ఆ వర్ణనలో సులభంగా గుర్తుపట్టగలడు.

1922లో ఇన్సులిన్ చికిత్స మొదలైన తరువాత మధుమేహంతో దశాబ్దాల పాటు జీవించడం సాధ్యమైంది. అంతకుముందు తక్కువ మందికి మాత్రమే అనుభవంలోకి వచ్చిన దీర్ఘకాలిక బాధలు ఆ విధంగా చాలామందికి నిత్యజీవితంలో భాగమయ్యాయి. 1945లో అమెరికన్ వైద్యుడు వేన్ రండిల్స్ 125 మంది రోగుల వివరాలతో ప్రచురించిన సమీక్ష ఈ నరాల వ్యాధికి స్పష్టమైన రూపురేఖలు ఇచ్చింది. దానికన్నా ముందే, 1933లో, చికిత్సే నొప్పి తెచ్చిపెట్టిన వింత పరిస్థితి ఒకటి వైద్యపత్రికలకు ఎక్కింది. చాలాకాలం అదుపు లేకుండా ఉన్న చక్కెరను ఇన్సులిన్‌తో త్వరత్వరగా తగ్గించినప్పుడు కొందరిలో పాదాలు భరించలేనంతగా మండేవి. ఇన్సులిన్ పేరుతోనే ఈ బాధను పిలిచినా, కారణం ఆ మందు కాదనీ, చక్కెర పడిపోయిన వేగమేననీ తరువాత అర్థమైంది. మాత్రలతో వేగంగా తగ్గించినా ఇది రావచ్చు. నెలలు గడిచేకొద్దీ ఈ బాధ చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే, మందు పడలేదని రోగి చికిత్సనే వదులుకునే ప్రమాదం ఉంది.

మంట పాదాల్లోనే మొదలవడానికి కారణం నరాల పొడవు. వెన్నుపూస దగ్గర ఉన్న కణం నుంచి కాలివేలి కొస దాకా సాగే తంతువు మీటరు వరకూ ఉంటుంది. దానికి రక్తం అందించే అతి సన్నని నాళాలు చెడి, తంతువు లోపలి జీవక్రియ కూడా దెబ్బతిన్నప్పుడు, మొదట నష్టపోయేది ఆ చిట్టచివరి భాగమే. నొప్పినీ వేడినీ మోసే సన్నని తంతువులు చెడితే మంటలు, సూది పోట్లు వస్తాయి. స్పర్శనూ కంపనాన్నీ మోసే లావు తంతువులు చెడితే పాదం మొద్దుబారుతుంది. అందువల్ల మండే కాలే గాయం తెలియని కాలు కూడా కాగలదు. 1993లో ఫలితాలు వెలువడిన అమెరికా, కెనడా పరిశోధన 1441 మంది టైప్ 1 రోగులను పరిశీలించి, చక్కెరను గట్టిగా అదుపు చేస్తే నరాల వ్యాధి తలెత్తడం సుమారు 60 శాతం తగ్గుతుందని చూపింది. పెద్దవయసులో ఎక్కువగా వచ్చే టైప్ 2 మధుమేహంలో అంతటి ప్రయోజనం కనిపించలేదు.

నొప్పి తగ్గించే మందుల చరిత్రలో ప్రధానమైన విశేషం ఏమిటంటే, వాటిలో పేరున్నవి చాలా వరకు వేరే జబ్బుల కోసం పుట్టి, ఇక్కడికి అరువు వచ్చినవే. 1957లో స్విట్జర్లండ్ మనోవైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ అనే మందు తీవ్రమైన దిగులును తగ్గిస్తుందని ప్రకటించాడు. అదే కుటుంబానికి చెందిన అమిట్రిప్టిలిన్ 1961లో అమెరికా మార్కెట్టులోకి వచ్చింది. ఈ మందులు నరాల నొప్పినీ తగ్గిస్తున్నట్లు కనిపించినప్పుడు, దిగులు తగ్గడం వల్లనే నొప్పి తెలియడం లేదేమోనన్న అనుమానం చాలాకాలం నిలిచింది. 1987లో మిచెల్ మాక్స్ బృందం, దిగులు లేని మధుమేహ రోగులకు కూడా ఆ మందు ఉపశమనం ఇస్తుందని చూపిన తరువాతే ఆ అనుమానం వీడింది. అయితే ఇదే మందు నోటిని ఎండగడుతుంది, మలబద్ధకం తెస్తుంది, మూత్రం బిగబడేట్టు చేస్తుంది, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగేట్టు చేస్తుంది. పేగులను, మూత్రాశయాన్ని, రక్తపోటును మన ప్రమేయం లేకుండా నడిపే నరాలు మధుమేహం వల్ల ముందే బలహీనపడి ఉన్నవారిలో ఈ ఇబ్బందులు రెట్టింపవుతాయి. దిగులుతో వచ్చిన యువకుడు ఓర్చుకోగల మోతాదు, షుగరుతో పాటు ప్రోస్టేట్ సమస్య కూడా ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి ప్రమాదకరం కావచ్చు.

మూర్ఛ మందుల దారి కూడా ఇటువంటిదే. ఫెనిటోయిన్, కార్బమజెపిన్ అనే మందులను 1960ల చివర ఈ నొప్పికి వాడి చూశారు. తూలడం, చర్మంపై తీవ్రమైన ప్రతిచర్య, రక్తంలో సోడియం తగ్గడం వాటి వాడకాన్ని పరిమితం చేశాయి. 1993లో మూర్ఛకు అనుమతి పొందిన గాబాపెంటిన్ ఈ నొప్పిని తగ్గిస్తుందని 1998లో ఒక పెద్ద పరీక్ష నిరూపించింది. అనుమతి లేని జబ్బులకు ఈ మందును ప్రచారం చేసిన కేసులో, 2004లో దాని తయారీ సంస్థ వార్నర్ లాంబర్ట్ నేరం అంగీకరించి, 43 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవడం కూడా ఈ చరిత్రలో భాగమే. అదే ఏడాది మధుమేహ నరాల నొప్పికే ప్రత్యేకంగా అమెరికా అనుమతి పొందినవి ప్రిగాబలిన్, దిగులు మందుల వర్గానికి చెందిన డులోక్సెటిన్. మొదటిది మగత, కాళ్ల వాపు, బరువు పెరగడం తెస్తుంది. రెండవది ముఖ్యంగా వికారం. గాబాపెంటిన్, ప్రిగాబలిన్ శరీరం నుంచి మూత్రపిండాల ద్వారానే పోతాయి గనుక, మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మోతాదు తగ్గించకపోతే రోజంతా మత్తుగా ఉండి, తూలి పడిపోయే స్థితి రావచ్చు. ఒక్కసారిగా మానేయడం కూడా మంచిది కాదు.

నొప్పిని అణచడం కాక వ్యాధి మూలాన్నే అడ్డుకోవాలన్న ప్రయత్నాలు నిరాశనే మిగిల్చాయి. నరాల్లో చక్కెర సార్బిటాల్ అనే పదార్థంగా మారడాన్ని ఆపే టోల్‌రెస్టాట్‌ను, కాలేయానికి చేటు చేసినందువల్ల 1996లో మార్కెట్టు నుంచి తొలగించారు. అదే పని చేసే, జపానులో పుట్టిన ఎపాల్‌రెస్టాట్ మాత్రం ఇండియాలోనూ వాడుకలో నిలిచింది.

ఇక చక్కెర మందే నరాలకు పరోక్షంగా హాని చేసే సందర్భం ఒకటుంది. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ మధుమేహ చికిత్సలోకి తెచ్చిన మెట్‌ఫార్మిన్, దీర్ఘకాలం వాడినప్పుడు పేగుల్లో బి12 విటమిన్ ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుందని 1970ల ఆరంభంలోనే తెలిసింది. బి12 లోపిస్తే వచ్చేవి కూడా తిమ్మిర్లు, మంటలు, మొద్దుతనమే. ఈ విటమిన్ మాంసం, చేపలు, గుడ్లు, పాలలో తప్ప కూరగాయల్లో దొరకదు గనుక శాకాహారులకు ముప్పు మరింత ఎక్కువ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన తరువాత, బి12 లోపంతో వచ్చే ఒక రకం రక్తహీనతకు దానిని ఇచ్చి చూసిన వైద్యులకు ఒక హెచ్చరిక ఎదురైంది: రక్తం బాగుపడినా నరాల నష్టం ఆగలేదు, కొందరిలో ముదిరింది. కనుక ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు వేసుకునే మనిషి రక్తపరీక్ష సవ్యంగా కనిపించినంత మాత్రాన బి12 సరిపోయినట్లు కాదు. మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 స్థాయిని అప్పుడప్పుడు పరీక్షించాలని అమెరికా మధుమేహ సంఘం సిఫారసు చేసింది. 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ కూడా వైద్యులను అప్రమత్తం చేసింది. మెట్‌ఫార్మిన్ మీద ఏళ్లుగా ఉన్న మనిషి అరికాళ్ల మంటను నేరుగా షుగరు ఖాతాలో వేసి ప్రిగాబలిన్ మోతాదు పెంచే ముందు ఈ పరీక్ష అవసరం, ఎందుకంటే షుగరు వల్ల చెడిన నరాన్ని తిరిగి బాగుచేస్తుందని రుజువైన మందు నేటికీ లేదు గాని, బి12 లోపం వల్ల కలిగిన బాధ తొలిదశలో గుర్తిస్తే సూదిమందుతోనో మాత్రలతోనో చాలావరకు తగ్గుతుంది.