తాత లేచొస్తే ఏమడుగుతడు

పాతకాలపు మనిషి ఇయ్యాల లేచొస్తే బస్సును చూసి బెదురుతడని, టీవీల బొమ్మకు దండం పెడతడని కథలు చెప్తరు. సినిమావాళ్లు అదే చూపించి నవ్విస్తరు. నాకు ఆ కథల మీద నమ్మకం లేదు. చిందోళ్లు మా వాడల్లో ఆడే జాంబపురాణంలో జాంబవుడు భూమి పుట్టకముందే పుట్టినోడు. ఆయన కండ్ల ముందటనే లోకమంతా పుట్టుకొచ్చింది. కొత్తదాన్ని చూసి ఆయన నోరు తెరువడు. బాపనోనితో వాదానికి దిగుతడు, ప్రశ్న మీద ప్రశ్న వేస్తడు. గుడి మెట్టు ఎక్కనియ్యని జాతి తన పెద్దమనిషిని అందరికంటే ముందు పుట్టించుకున్నది, ఊరికే కాదు. మా తాత ఆ ఆటను తెల్లార్లు చూసి పెరిగిన మాదిగ. ఆయన లేచొచ్చినా అడుగుడే ఉంటది.

తాత పుట్టిన తారీఖు ఎవరూ రాసి పెట్టలేదు. దొరల బిడ్డలకు జాతకాలుంటయి, మాకు వరదలు కరువులే లెక్క. మూసీకి పెద్ద వరదొచ్చిన 1908కి అటోయేడు ఇటోయేడు అని ఇంట్ల చెప్పుకునేది. కరెంటు మోటర్లు మా ఊరి బాయిల మీదికి రాకముందే పోయిండు. నేను చూడలేదు. నాయిన చెప్తే, అవ్వ చెప్తే విన్నదే.

ఆయన చేతిపని మోటబొక్కెన. ఎద్దో బర్రో సచ్చిందంటే వాడకు కబురొచ్చేది. తోలు ఒలిచి, సున్నంల నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్కా కరక్కాయా వేసిన లందలో రోజులకు రోజులు ఊరవెట్టాలె. పచ్చితోలుకు, ఊరిన తోలుకు మధ్యన ఉన్నదంతా శాస్త్రమే. ఏ కాలేజీ దానికి పట్టా ఇయ్యలేదు. పైగా ఆ వాసన పేరు చెప్పి మమ్ముల ఊరవతల పెట్టిండ్రు. రంపెతో కోసి, ఆరెతో పొడిచి, తోలు వార్లతోనే కుట్టి, కింద తొండం పెట్టేది. ఎడ్లు బాట దిగుతుంటే బొక్కెన పైకి లేస్తది, తొండం వంగి కాలువల నీళ్లు గుమ్మరిస్తది. ఊరి వరి మడి అట్ల తడిసింది. దొర బాయికైతే బొక్కెనా వెట్టే, దొర కాలి చెప్పులూ వెట్టే. మిగిలిన రైతులు కల్లం కాడ ఇన్ని గింజలు పెట్టేది.

తాత చేతుల ఊరిన తోలు పొద్దుందాక దొర బాయిలనే మునిగి లేచేది. తాత మాత్రం ఆ ఊర్ల మంచినీళ్ల బాయిని తాకొద్దు. తోలుకు లేని మైల మనిషికెట్ల అంటింది? దీనికి జవాబు చెప్పిన పండితుణ్ణి నేనింకా చూడలేదు.

తాతను తీస్కపోయి బోరుమోటరు కాడ నిలబెట్టిన్ననుకోండి. బెదరడు. చుట్టూ తిరిగి చూస్తడు. పైపు మీద చెయ్యి పెట్టి "తొండం ఇనుపదైందిరా" అంటడు. చేతి బోరింగును విప్పి చూపిస్తే ఇంకా సంబరపడేటోడు, దాని కడుపులో చాలా ఏండ్లు తోలు వాషరే పనిచేసింది. తర్వాత అడుగుతడు: "ఈ మోటరెవనిది? దీని కింది మడెవనిది?" తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఇచ్చిండ్రు. మడి లేనోనికి ఎన్ని గంటలిస్తే ఏంది? మోటరొచ్చి మోటను మింగింది, కంపెనీ చెప్పు వచ్చి మా చెప్పును మింగింది. పని పోయింది, పనితో పాటు పెట్టిన పేరు మాత్రం పోలేదు. మా చరిత్రలో ఆధునికత అంటే మొదలు ఇది.

అవ్వ సంగతి వేరు. అవ్వ నేను బడికి పోయేదాక బతికింది. బాయి గట్టు కింద కుండ పెట్టుకొని "ఇన్ని నీళ్లు పొయ్యిండ్రి దొరసానీ" అని నిలబడ్డ మనిషి. పోసేటోళ్లు పైకెల్లి పోసేది, సగం నేలపాలు. పోసే మనసు ఎవలికి పుడితే అప్పుడే నీళ్లు. ఆమె ఇయ్యాల లేచొస్తే సెల్లు చూడది, టీవీ చూడది. ఇంట్ల నల్లా కాడ కూసుంటది. తిప్పుతది, బందు చేస్తది, మళ్ల తిప్పుతది. నీళ్లు దండుగైతున్నయని కోడండ్లు కసురుకున్నా ఇనది. ఆధునికత గొప్పదని ఎవలైనా అంటే నేను ఒప్పుకునేది ఈ ఒక్క నల్లా కాడనే, అదీ దాంట్ల నీళ్లొచ్చిననాడు.

సెల్లుఫోను చూపిస్తే తాత అడిగేది ఒక్కటే. "మరి సావు కబురు ఎవలు మోస్తున్నరు?" దొర కాగితాన్ని ఊరు దాటించుడు, చుట్టాలకు సావు చెప్పిరావుడు మా వెట్టి. వానైనా ఎండైనా రాత్రైనా ఉరకాలె. ఇప్పుడు ఎవల సావు వాళ్లే చెప్పుకుంటున్నరంటే తాత పండ్లికిలించి నవ్వుతడు. డప్పు కొట్టి ఊరికి దండోర వేసుడు కూడా మాదే. దొర మాటను మా గొంతుతో చెప్పాలె. ఆ దండోరనే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మా సొంత మాటకు పేరైంది. తాతను నిజంగా నిలవేసేది ఇదే. ఏ పేరు అడిగితే తల వంచుకొని గొణిగిండో, ఆ పేరు చదువుకున్న పోరగాండ్లు సంతకం పక్కన మాదిగ అని రాసుకున్నరు, గోడల మీద రాసిండ్రు. వర్గీకరణ చట్టం 2000లో వచ్చుడు, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసుడు, 2024 ఆగస్టు 1న అదే కోర్టు రాష్ట్రాలకు ఆ అధికారం ఉన్నదనుడు, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమలుకొచ్చుడు, ఇవన్నీ విప్పి చెప్పాలంటే ఒక రాత్రి పడ్తది. ఇంటడు. జాంబపురాణం ఇన్నోనికి రాత్రి ఒక లెక్క కాదు.

ఇగ పట్నం తీస్కపోతే అక్కడ కొట్లాటే. 1908 వరద తర్వాత నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపించిండు. గండిపేట చెరువు, మురికి కాలువల ఏర్పాటు ఆ ఆలోచనల నుంచి వచ్చినయే. అంటే పట్నపు మోరీలకూ మా తాతకూ కొంచెం అటిటుగా ఒకటే వయసు. ఆ మోరీలల్లకు మనిషి దిగుడు మాత్రం ఆగలేదు. పాకీపని నిషేధమని 1993లో ఒక చట్టం, చాలలేదని 2013లో ఇంకోటి. కోలారు గనుల కాలనీలో ఈ పని చేసిన కుటుంబంల పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతోటి సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్లు 2003లో సుప్రీంకోర్టుకు పోతే తీర్పు 2014 మార్చి 27న వచ్చింది. మోరీల సచ్చిన ఒక్కో మనిషికి పది లక్షలు ఇయ్యాలన్నరు. హైదరాబాద్ గల్లీలకు చిన్న జెట్టింగు యంత్రాలు 2017లో వచ్చినయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని మీద దిగింది. అదే ఏడు అక్టోబర్ 20న మోరీ సావు పరిహారాన్ని ముప్పై లక్షలకు పెంచుతూ సుప్రీంకోర్టు ఇంకో తీర్పు చెప్పింది.

మోటకు యంత్రం దొరికింది. కబురుకు దొరికింది. చెప్పుకు దొరికింది. మా చేతుల్ల పని ఉన్న కాడికి యంత్రం ఉరికొచ్చింది, మా పాణం పోయే కాడికి మాత్రం దానికి బాట దొరకలేదు. తాత రాకెట్టును మెచ్చుకుంటడు, పనోడు కదా, పనితనం గుర్తుపడతడు. అటెన్కనే మోరీ మూత కాడ కూసోని, సావు కబురు మోసినోడు ఎట్ల అడుగుతడో అట్లనే అడుగుతడు. "దిగినోడు ఏ ఊరోడు? ఎవల బిడ్డ? ఇంటికాడ చెప్పొచ్చిండ్రా?"