సీలియాక్ వ్యాధి – మధుమేహం

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఒంటికి పడక, శరీర రక్షణ వ్యవస్థే చిన్న పేగు లోపలి పొరను దెబ్బతీయడం సీలియాక్ వ్యాధి. అదే వ్యవస్థ క్లోమంలోని ఇన్సులిన్ కణాల మీద పడితే వచ్చేది టైప్-1 మధుమేహం. ఈ రెండూ దగ్గరి చుట్టాలు. పెద్దవాళ్లలో ఎక్కువగా చూసే టైప్-2 షుగర్‌కు మాత్రం ఈ చుట్టరికం లేదు.

క్రీస్తుశకం తొలి శతాబ్దాల గ్రీకు వైద్యుడు, కపడోసియా వాసి అరెటేయస్ రెండు జబ్బుల లక్షణాలనూ రాసిపెట్టాడు, కానీ విడివిడిగానే. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ సీలియాక్‌ను స్పష్టంగా వర్ణించి, నయం కావాలంటే దారి తిండిలోనే ఉందన్నాడు. ఏ తిండిలో అన్నది తేలలేదు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ పిల్లలకు అరటిపండ్ల పథ్యం పెడితే కోలుకున్నారు. పేరు అరటికి వచ్చింది, మేలు చేసింది రొట్టె మానడం! నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికెకు గోధుమ మీద ముందునుంచే అనుమానం. రొట్టె దొరకని 1944-45 కరవు శీతాకాలం దాన్ని బలపరిచింది. 1950లో ఆయన సిద్ధాంత గ్రంథం వెలువడింది.

అప్పటికీ మధుమేహంతో ముడి ఎవరికీ తట్టలేదు. 1922లో ఇన్సులిన్ వాడకం మొదలయ్యేదాకా టైప్-1 పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. పేగు ముక్క తీసి పరీక్షించే పద్ధతి 1950లలో గానీ రాలేదు. ఒకే బిడ్డలో రెండు జబ్బులూ ఉన్నాయన్న నివేదికలు 1960ల చివర్లో వచ్చాయి. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు రకాలు రెండింటికీ ఉమ్మడి అని తర్వాత తెలిసింది. 1997లో ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ మీదే సీలియాక్ దాడి జరుగుతుందని తేలాక, రక్తపరీక్షతో జల్లెడ పట్టడం తేలికైంది. జనంలో సుమారు నూటికి ఒకరికి ఉండే సీలియాక్, టైప్-1 ఉన్నవారిలో నూటికి దాదాపు ఆరుగురిలో కనిపిస్తుంది.

దక్షిణాది లెక్క వేరు. 2016లో వెలువడిన అధ్యయనంలో దేశంలోని మూడు ప్రాంతాల్లో 23,331 మంది పెద్దలను పరీక్షించారు. ఉత్తరాన 1.23 శాతం మంది రక్తంలో సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు కనిపిస్తే, వేలూరు వైపు 0.10 శాతం మందిలోనే. జన్యువులు మోసేవారు ఇక్కడా తక్కువేమీ లేరు, సుమారు 36 శాతం. తేడా కంచంలో ఉంది: రోజుకు గోధుమ అక్కడ 455 గ్రాములు, ఇక్కడ 25.

అరసవల్లి సూర్యనారాయణ స్వామికి భక్తులు పిడకల మంట మీద వండి నివేదించే పరమాన్నంలో బియ్యం, పాలు, బెల్లమే గనక గ్లూటెన్ రవ్వంత కూడా ఉండదు. షుగర్ ఉన్నవారు బెల్లం లెక్క చూసుకోవాలి, అది వేరే సంగతి. ఉత్తరాంధ్ర చోడి (రాగి) అంబలి, గంటెలు (సజ్జలు), సామలు కూడా గ్లూటెన్ లేనివే. చిక్కు కొత్త అలవాటుతో. షుగరని తెలియగానే "రాత్రికి అన్నం మానెయ్, రెండు చపాతీలు తిను" అనే సలహా డాక్టరు కన్నా ముందు చుట్టాల నోట వస్తుంది. టైప్-1తో పాటు సీలియాక్ కూడా ఉన్న పిల్లవాడికి ఆ చపాతీయే పేగును కొరికేస్తుంది. ఇన్సులిన్ వేస్తే, తిన్నది ఒంటబట్టక చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. బిడ్డ ఎదగడు, రక్తహీనత వదలదు.

అందుకే టైప్-1 నిర్ధారణ అయినప్పుడే, ఆ తర్వాత రెండు, ఐదు సంవత్సరాలకు సీలియాక్ రక్తపరీక్ష చేయించాలని అంతర్జాతీయ పిల్లల మధుమేహ నిపుణుల సంఘం సూచించింది. పరీక్షకు ముందే గోధుమ మానేస్తే ఫలితం తప్పుగా రావచ్చు.

నిర్ధారణ అయ్యాక జీవితాంతం పథ్యమే మందు. చపాతీ, సేమియా, బొంబాయి రవ్వ మానడం తేలికే. పులిహోర పోపులో వేసే డబ్బా ఇంగువలో తరచూ గోధుమపిండి కలిసి ఉంటుందని మాత్రం చాలామందికి తట్టదు. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే "గ్లూటెన్ ఫ్రీ" అని ముద్రించడానికి మన ఆహార భద్రతా నిబంధనలు ఒప్పుకోవు.